జేబులో పట్టే హ్యామర్‌లెస్ రివాల్వర్: ఎవరికి, ఏది, ఎలా

అమెరికాలో ఉంటూ ఇలాంటి రివాల్వర్ కొనాలనుకుంటే ముందు వీసా సంగతి తేల్చుకోండి, అది తేలకుండా మిగతాది చదివి లాభం లేదు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, అమ్మానాన్నలు వచ్చే బి-2, ఇవన్నీ అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాలే. వీటి మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొనడమే కాదు, రేంజ్‌లో అద్దెకి తీసుకుని సరదాగా నాలుగు రౌండ్లు కాల్చినా అదే లెక్క. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డవాడు ఒక రివాల్వర్ కోసం తన ఇమ్మిగ్రేషన్ ఫైలుని పణంగా పెట్టడం నాకైతే తెలివైన పనిగా కనిపించదు. ఐ-485, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తు, పెండింగ్‌లో ఉన్నవాళ్లు వాట్సాప్ గ్రూపులో కాకుండా లాయర్ని అడగండి. ఇంకో మాట, గ్యాస్ స్టేషన్లో కౌంటర్ కింద ఓనరు పెట్టుకున్న గన్ ఉంటుంది చూడండి, అక్కడ పనిచేసే ఎఫ్-1 కుర్రాడు దాన్ని చేతిలోకి తీసుకున్నా ఫెడరల్ నేరం కిందకి రావచ్చు. ఓనర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, కుర్రాళ్లు ఇంకా ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి.

గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి, సిటిజన్లకి ఈ గొడవ లేదు. డీలరు దగ్గర హ్యాండ్‌గన్ కొనడానికి 21 ఏళ్లు నిండాలి, 4473 ఫారం నింపాలి, వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. ఫారంలో గంజాయి ప్రశ్న ఒకటుంటుంది, మీ రాష్ట్రంలో షాపుల్లో అమ్ముతున్నా సరే ఆ ఫారం ఫెడరల్ చట్టం ప్రకారమే అడుగుతుంది, అక్కడ అబద్ధం రాస్తే అదే వేరే నేరం. గృహహింస కేసులో శిక్ష పడినవాళ్లకి, చిన్న కేసైనా, తుపాకీ నిషేధం. ఇక దాచుకుని తిరగడం అనేది రాష్ట్రాన్ని బట్టి మారిపోతుంది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 దాటినవాళ్లు, వేరే అనర్హత ఏదీ లేకపోతే, పర్మిట్ లేకుండానే క్యారీ చేయొచ్చు. అయినా లైసెన్సు తీసుకోమనే నేను చెప్తాను, ఎందుకంటే పక్క రాష్ట్రాలకి వెళ్లినప్పుడు పనికొచ్చేది ఆ కార్డే, పైగా క్లాసులో కూర్చుంటే చట్టం కాస్త బుర్రకెక్కుతుంది. ఎడిసన్‌లో చుట్టాల పెళ్లికి వెళ్తూ జేబులో పెట్టుకుని వెళ్లారనుకోండి, న్యూజెర్సీ వేరే ఏ రాష్ట్రం పర్మిట్‌నీ ఒప్పుకోదు, హాలో పాయింట్ (ముందు భాగంలో గుంట ఉండే) తూటాల మీద కూడా అక్కడ ఆంక్షలున్నాయి. న్యూయార్క్, కాలిఫోర్నియా కూడా అంతే, బయటి పర్మిట్ అక్కడ చెల్లదు.

సరే, ఇప్పుడు తుపాకీ సంగతి. హ్యామర్‌లెస్ అని పిలుస్తాం గానీ హ్యామర్, అంటే తూటాని పేల్చే సుత్తి, ఉంటుంది, ఫ్రేము లోపల మూసేసి ఉంటుంది, అంతే. బయటికి ముల్లులా పొడుచుకొచ్చే భాగం లేకపోవడంతో జేబు గుడ్డకి, చొక్కా అంచుకి తగులుకోదు. స్మిత్ అండ్ వెస్సన్ 1887లోనే ఇలాంటిది తెచ్చింది, ఇప్పుడు మనం చూస్తున్న ఆకారం మాత్రం ఆ కంపెనీ వందేళ్ల సందర్భంగా 1952లో వచ్చిన సెంటెనియల్‌ది. ఐదు తూటాల సిలిండరు, రెండంగుళాలకి కాస్త తక్కువ బ్యారెల్, .38 స్పెషల్ అనే సైజు తూటా. డెబ్బై ఏళ్లు దాటినా లెక్క పెద్దగా మారలేదు.

బయట హ్యామర్ లేదంటే బొటనవేలితో వెనక్కి లాగి తేలిగ్గా కాల్చే సదుపాయం పోయినట్టే. ప్రతి తూటాకీ ట్రిగ్గర్‌ని మొదటినుంచి చివరిదాకా లాగాల్సిందే. కొత్తవాళ్లు దీన్ని లోపం అనుకుంటారు, నేను దీన్ని కొనడానికి కారణం అనుకుంటాను. హ్యామర్ వెనక్కి లాగి ఉన్న రివాల్వర్ ట్రిగ్గర్ చాలా తేలిక, టెన్షన్‌లో చెయ్యి వణుకుతున్నప్పుడు అలాంటి ట్రిగ్గర్ మీద వేలుండటం ప్రమాదం. ఆ అవకాశమే లేకుండా చేస్తే ఒక తలనొప్పి తగ్గినట్టు.

మరి కష్టం ఎక్కడుంది? ఈ లెక్క చూడండి. అల్యూమినియం ఫ్రేము ఉన్న స్మిత్ 642 బరువు 400 గ్రాముల చిల్లర. దాని ట్రిగ్గర్ లాగడానికి కావలసిన బలం సుమారు 12 పౌండ్లు, అంటే ఐదు కిలోల పైమాట. తుపాకీ బరువుకి పదింతలకి పైగా బలం ఒక్క వేలితో పెడుతూ, ఆ తుపాకీ మాత్రం కదలకుండా ఉండాలి. ఇందుకే చిన్న రివాల్వర్‌తో సూటిగా కొట్టడం పెద్దదానికంటే చాలా కష్టం. అర్థం కాకుండా కొనేవాళ్లు ఎక్కువ తప్పటడుగు వేసేది కూడా ఇక్కడే: "మా ఆవిడకి చిన్నది, తేలికైనది తీసుకుందాం" అని షాపుకి వెళ్లి అన్నిటికంటే తేలికైనది తెస్తారు. తేలికైన తుపాకీ ఎక్కువగా ఎగురుతుంది, అరచెయ్యి మంట పుడుతుంది, రెండోసారి రేంజ్‌కి రమ్మంటే ఆవిడ రాదు, ఆ తర్వాత అది డ్రాయర్లో పడి ఉంటుంది. ఎవరు మోస్తారో వాళ్లే వెళ్లి, అద్దెకి తీసుకుని, కాల్చి చూసుకుని, వాళ్లే ఎంచుకోవాలి. భర్తలు పక్కన నిలబడి కార్డు గీకితే చాలు.

మోడళ్లు చాలా ఉన్నాయి గానీ ఆలోచించాల్సినవి కొన్నే. 642, 442 రెండూ ఒకటే, ఒకటి వెండి రంగు, ఒకటి నలుపు, రెండూ అల్యూమినియం ఫ్రేమువే. జేబుకి ఇవి సరిగ్గా సరిపోతాయి. 640 మొత్తం స్టీలు, 600 గ్రాములు దాటుతుంది, ఇంకా బలమైన .357 మాగ్నమ్ తూటా వేసుకోవచ్చు, కానీ అందులో .38 వేసుకుంటే కాల్చడం ఎంతో హాయిగా ఉంటుంది. నడుముకి పెట్టుకునేవాళ్లయితే నన్నడిగితే ఇదే తీసుకోండి. స్కాండియం, టైటానియంతో చేసిన 340పీడీ 340 గ్రాములు కూడా ఉండదు, ధర మాత్రం కళ్లు తిరిగేలా ఉంటుంది, అందులో .357 కాల్చడం శిక్ష తప్ప మరోటి కాదు. రూగర్ వాళ్ల ఎల్‌సీఆర్ 2009లో వచ్చింది, కింది సగం పాలిమర్, .38లో బరువు 380 గ్రాములకి అటూఇటూ, చూడటానికి ఆటబొమ్మలా ఉన్నా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్రిగ్గర్ స్మిత్ కంటే నున్నగా ఉంటుంది. అదే పేరు చివర ఎక్స్ చేరిస్తే బయట హ్యామర్ ఉన్న మోడల్ అవుతుంది, ఆర్డర్ పెట్టేటప్పుడు చూసుకోండి. స్మిత్ రివాల్వర్లలో కొన్నిటికి సిలిండరు విప్పే మీట పైన చిన్న తాళం రంధ్రం ఉంటుంది. తాళం లేని 442, 642 కూడా అమ్ముతారు, దొరికితే అవి తీసుకోండి, విడిభాగం ఒకటి తగ్గినట్టే కదా.

చేతుల్లో బలం తక్కువ ఉన్నవాళ్లు, కీళ్లనొప్పులు ఉన్నవాళ్లు .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ వైపు చూడాలి. ఐదుకి బదులు ఆరు తూటాలు పడతాయి, చెయ్యి మీద దెబ్బ బాగా తక్కువ. 2024లో స్మిత్ వాళ్లు లిప్సీస్ అనే డిస్ట్రిబ్యూటరుతో కలిసి తెచ్చిన అల్టిమేట్ క్యారీ వరసలో 432, 632 ఈ కాలిబర్లోవే, వాటి మీద గురిచూసే ముక్క కూడా మామూలు జే-ఫ్రేము (స్మిత్ వాళ్ల ఈ చిన్న రివాల్వర్ల వరస) కంటే చాలా మెరుగు. తూటాలు ప్రతి షాపులో దొరకవు, అదొక్కటే చిరాకు. మన దేశంలో కాన్పూర్‌లో తయారయ్యే రివాల్వర్లు కూడా .32లోనే వస్తాయి, 2014లో ఆడవాళ్ల కోసమని ప్రచారం చేసిన నిర్భీక్ అర కిలో బరువుండే .32 రివాల్వరే. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ఇలాంటిది మాకూ దొరుకుతుందా అని అడిగేవాళ్లకి జవాబు ఏమిటంటే, అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద కమిషనర్ గానీ కలెక్టర్ గానీ లైసెన్సు ఇవ్వాలి, ప్రాణానికి ముప్పుందని మీరు నమ్మించగలగాలి. ఈ వ్యాసం వాళ్ల కోసం కాదు.

తూటాల విషయం సూటిగా చెప్తాను. రెండంగుళాల బ్యారెల్‌లో తూటా వేగం తక్కువ, అందుకే పొడవాటి బ్యారెల్లో పువ్వులా విచ్చుకునే హాలో పాయింట్లు ఇందులో చాలాసార్లు విచ్చుకోవు. పొట్టి బ్యారెల్ కోసమే తయారైనవి ఉన్నాయి, స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ ప్లస్-పి అలాంటిదే (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత, ప్లస్-పి అంటే మామూలుకంటే ఎక్కువ పీడనంతో పేలేది). ఆ దెబ్బ చెయ్యి తట్టుకోలేకపోతే 148 గ్రెయిన్ వాడ్‌కటర్ వేసుకోండి, అది ముందు భాగం బల్లపరుపుగా ఉండే పాతకాలపు టార్గెట్ తూటా, మెత్తగా కాలుతుంది, గురి కుదురుతుంది. తగలని ప్లస్-పి కంటే తగిలే వాడ్‌కటర్ నయం. ఇంకో పరీక్ష తప్పనిసరిగా చేయాలి: తేలికైన రివాల్వర్ ఎగిరినప్పుడు మిగిలిన తూటాల ముందు భాగం గుల్లలోంచి కొంచెం కొంచెంగా బయటికి జరుగుతుంది, బాగా జరిగితే సిలిండరు తిరగకుండా బిగుసుకుపోతుంది. ఐదు నింపి, నాలుగు కాల్చి, ఐదోదాన్ని బయటికి తీసి కాల్చని కొత్తదాని పక్కన పెట్టి పొడవు చూడండి. తేడా కనిపిస్తే ఆ తూటా ఆ తుపాకీకి పనికిరాదు.

ఇప్పుడు సాధన, అసలు పని ఇదే. మొదట ఇంట్లో, ఖాళీ తుపాకీతో. తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి, సిలిండరు తెరిచి ఐదు గదుల్లోకీ కళ్లతో చూడండి, వేలితో తడమండి, స్నాప్ క్యాప్స్ అనే డమ్మీలు వేసుకోండి, అయినా సరే తూటాని ఆపగలిగే గోడ వైపే గురిపెట్టండి, అపార్ట్‌మెంట్ గోడలు దానికి సరిపోవు. పట్టు వీలైనంత ఎత్తులో ఉండాలి. వేలి చివర మెత్తని భాగంతో కాకుండా మొదటి కణుపు ముడత దగ్గర ట్రిగ్గర్ ఆనిస్తే బలం చాలుతుంది. మధ్యలో ఆపకుండా ఒకే వేగంతో వెనక్కి లాగాలి, సగంలో ఆగి గురి సరిచేసుకుని ఠక్కున లాగే అలవాటు చేసుకున్నారంటే అది పోవడం కష్టం. లాగినట్టే వదలడం కూడా నేర్చుకోవాలి, ట్రిగ్గర్ పూర్తిగా ముందుకి రాకముందే మళ్లీ నొక్కితే తుపాకీ పేలదు, కంగారులో ఎక్కువమందికి జరిగేది ఇదే. రెండో చేతి బొటనవేలు ఎప్పుడూ ముందుకి చాచకండి. సిలిండరుకీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందులోంచి మండే వాయువు పక్కలకి తన్నుకొస్తుంది, వేలు అక్కడుంటే కోస్తుంది. ఆటోమేటిక్ పిస్టల్ అలవాటున్నవాళ్లు ముఖ్యంగా జాగ్రత్తపడాలి.

రేంజ్‌లో మూడు గజాల దూరంతో మొదలుపెట్టండి. నవ్వకండి, ఈ తుపాకీకి అది గౌరవమైన దూరమే. పేపర్ ప్లేటు ఒకటి తగిలించి ఐదుకి ఐదూ అందులో పడేదాకా అక్కడే ఉండి, తర్వాత ఐదు గజాలకి, ఏడు గజాలకి వెళ్లండి. ఒక విడతకి ఇరవై ఐదు, ముప్పై రౌండ్లు చాలు, చెయ్యి నొప్పెట్టాక కాల్చేదంతా భయపడటం నేర్చుకోవడమే. ఆ భయం ఉందో లేదో తెలుసుకోవడానికి పక్కవాళ్లని సిలిండరులో రెండు మూడు డమ్మీలు కలిపి నింపి ఇమ్మనండి. డమ్మీ మీద హ్యామర్ పడ్డప్పుడు తుపాకీ మూతి కిందికి తల ఊపితే మీరు పేలుడుకి ముందే చెయ్యి నొక్కుతున్నారన్నమాట. దీనికంటే నిజాయితీగా చెప్పే గురువు లేడు.

ఖాళీ గుల్లలు తీసేటప్పుడు మూతి నిటారుగా ఆకాశం వైపు పెట్టి, గుల్లల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ కడ్డీని అరచేత్తో ఒకేసారి గట్టిగా కొట్టాలి. ఈ చిన్న రివాల్వర్లలో కడ్డీ పొట్టి, మెల్లగా నొక్కితే గుల్లలు సగం వచ్చి ఆగిపోతాయి, ఒక్కోసారి ఒకటి జారి నక్షత్రం ఆకారంలో ఉండే ఎక్స్‌ట్రాక్టర్ కింద ఇరుక్కుంటుంది, అప్పుడు గోళ్లతో పీక్కోవాల్సిందే. తర్వాత మూతి కిందికి తిప్పి నింపుకోవాలి. అదనపు తూటాలకి స్పీడ్ స్ట్రిప్ అనే రబ్బరు పట్టీ బాగుంటుంది, జేబులో బల్లపరుపుగా పడి ఉంటుంది. సిలిండరు మూసేటప్పుడు మాత్రం మన సినిమా హీరోల్లా మణికట్టు విదిలించి టక్కున మూయకండి, అలా చేస్తే సిలిండరుని మోసే చెయ్యి వంగుతుంది, గన్‌స్మిత్ బిల్లు వస్తుంది. రెండు చేతులతో నెమ్మదిగా మూయండి.

జేబులో పెట్టుకోవడానికి పాకెట్ హోల్స్టర్, అంటే తుపాకీ తొడుగు, ఉండాల్సిందే, ఉత్త జేబులో వేసుకోవడం మహా పొరపాటు. ట్రిగ్గర్ గార్డు పూర్తిగా కప్పి ఉండాలి, తీసినప్పుడు హోల్స్టర్ జేబులోనే ఉండిపోయేలా బయట గరుకు గుడ్డ ఉండాలి. డీశాంటిస్ నెమెసిస్ చవకలో మంచిదే. ముందు తుపాకీని బయటే హోల్స్టర్లో పెట్టి, ఆ రెంటినీ కలిపి జేబులోకి దించండి. ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు, తాళాలు, చిల్లర, ఇయర్‌ఫోన్లు, పిల్లల చాక్లెట్ కాగితాలు, ఏవీ. బిగుతు జీన్స్‌లో చెయ్యే దూరదు, కాస్త వదులు ప్యాంటు కావాలి. కారులో కూర్చుంటే ముందు జేబులోంచి తీయడం దాదాపు అసాధ్యం, రోజంతా డ్రైవింగ్ చేసేవాళ్లు నడుము లోపలి హోల్స్టర్ చూసుకోండి. సల్వార్ మీదకి పొట్టచుట్టూ కట్టుకునే బెల్లీ బ్యాండ్ పనిచేస్తుంది, చీర మీద పనిచేసేది నాకు కనిపించలేదు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, బ్యాగుని సోఫా మీద పడేసి వంటింట్లోకి వెళ్లడం మనందరికీ అలవాటే, ఐదేళ్ల పిల్లాడు చాక్లెట్ కోసం ముందు వెతికేది ఆ బ్యాగులోనే. తప్పదంటే విడిగా అర ఉన్న, ఎప్పుడూ భుజం దిగని బ్యాగే వాడాలి.

ఎక్కడికి తీసుకెళ్లకూడదో కూడా చూసుకోండి. పోస్టాఫీసు, ఫెడరల్ బిల్డింగుల్లో నిషేధమే, స్కూళ్లలో కూడా దాదాపు అన్నిచోట్లా అంతే. టెక్సాస్‌లో ఎర్రగా 51 శాతం అని బోర్డున్న (ఆదాయంలో సగానికి పైగా మద్యం నుంచే వచ్చే) బార్లలో, లైసెన్సున్నవాళ్లు దాచుకుని రావద్దని చెప్పే 30.06 బోర్డు పెట్టిన చోట్ల దాచుకుని వెళ్లడం కుదరదు. గుళ్లు కూడా బోర్డు పెట్టొచ్చు, గుమ్మం దగ్గర చదవండి, నన్నడిగితే గుడికి వెళ్లేరోజు ఇంట్లో తాళంపెట్టెలో ఉంచి వెళ్లడమే మర్యాద. కారు గ్లోవ్ బాక్సులో వదిలేసి వెళ్లకండి, దొంగలు మొదట తెరిచేది అదే. వదలక తప్పకపోతే సీటుకి కేబుల్‌తో కట్టిన లాక్ బాక్సు కొనుక్కోండి.

ఇంట్లో ఉన్నప్పుడు నడుము మీదో తాళంపెట్టెలోనో, మూడో చోటు లేదు. ఐదు కిలోల ట్రిగ్గర్ కదా పిల్లలు లాగలేరులే అనుకోవద్దు, రెండు బొటనవేళ్లతో లాగేస్తారు. ఆరునెలలు ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలకి కూడా ఆ పెట్టె కోడు చెప్పకండి, వాళ్లది బి-2 వీసా.

వాడకం గురించి చట్టం రాష్ట్రానికో రకంగా ఉన్నా ఎక్కడైనా పనికొచ్చే గీత ఒకటుంది: ఇప్పుడే, ఇక్కడే ప్రాణం పోయేలా గానీ తీవ్రంగా గాయపడేలా గానీ ఉంటే తప్ప తుపాకీ బయటికి రాకూడదు. బెదిరించడానికి చూపించడం, పార్కింగ్ గొడవలో చొక్కా ఎత్తి చూపించడం, ఇవి మీ మీదే కేసులవుతాయి. స్టోరు నడిపేవాళ్లు ముఖ్యంగా వినండి, వాడు క్యాష్ అడిగితే క్యాష్ ఇచ్చేయండి, రిజిస్టర్లో ఉన్న డబ్బు లాయర్ మొదటి బిల్లుకి కూడా సరిపోదు. కాల్చాల్సి వస్తే 911కి ఫోన్ చేయండి, పోలీసులు వచ్చేసరికి చేతులు ఖాళీగా కనిపించాలి, దాడి జరిగిందని చెప్పి, వివరాలు లాయర్ వచ్చాక మాట్లాడతానని మర్యాదగా చెప్పండి.

మెయింటెనెన్స్ తక్కువే గానీ సున్నా కాదు. జేబులో తిరిగే తుపాకీకి నూలు దుమ్ము పట్టేస్తుంది, వారానికోసారి ఖాళీ చేసి బ్రష్‌తో దులపండి. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద కాలని మందు గింజలు చేరితే సిలిండరు బిగుసుకుంటుంది, అక్కడ పొడి టూత్‌బ్రష్ చాలు, నూనె పోస్తే ఇంకా ఎక్కువ అంటుకుంటాయి. ఎజెక్టర్ కడ్డీ, పక్క పలక స్క్రూలు వదులయ్యాయేమో చూడండి, స్మిత్‌లో కడ్డీ మర ఎడమవైపుది, తెలియక గట్టిగా తిప్పితే ఇంకా ఊడుతుంది. క్యారీ తూటాలు చెమటకి రంగు మారితే రేంజ్‌లో కాల్చేసి కొత్తవి వేసుకోండి.

ఇక సంక్రాంతికో పెళ్లికో ఇండియా వెళ్లే ముందు ఒక పని. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు, ఆ జాకెట్టు ప్రయాణంలో వాడకండి. అడుగున జారిపడ్డ ఒక్క తూటా శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు, పాస్‌పోర్టు, ఫ్లైటు, లీవు అన్నీ చిక్కులో పడతాయి, "అమెరికాలో లైసెన్సు ఉంది సార్" అన్న మాట అక్కడ పనికిరాదు. రేంజ్‌కి ముదురు రంగుది, ఎవరికీ పొరపాటున కూడా సూట్‌కేసులా కనిపించనిది ఒక బ్యాగు విడిగా కొని గరాజ్‌లో తగిలించండి, అది గరాజ్ దాటి ఇంట్లోకి రాకూడదు.